జెండా వెనక చోటు

ఇనుప గుండు విసిరే మైదానంలో మొదటి నియమం ఒక్కటే. గుండు ఎవరి చేతిలోనైనా ఉన్నంతసేపు దానికి వీపు పెట్టకూడదు. కాలేజీలో చేరిన ప్రతి పిల్లకీ కోచ్ మేడమ్ ముందు నేర్పేది ఆ ముక్కే. నేర్పేసి, తను మాత్రం వెళ్ళి వీపు పెట్టి నిలబడేది.

నిలబడే చోటు ఎప్పుడూ ఒకటే. తను ఇదే కాలేజీలో చదివిన రోజుల్లో విసిరిన గుండు పడ్డ చోట చిన్న ఎర్రజెండా ఉంది. అది కాలేజీ రికార్డు. ఇన్నేళ్ళలో ఎవరి గుండూ అక్కడిదాకా రాలేదు. ఆ జెండాకి అడుగు వెనక, గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని వినేది. గుండు నేలని తాకిన చప్పుడు బట్టే "మోచెయ్యి జారింది", "తొందరపడ్డావు" అని చెప్పేది. ఒక్కసారీ తప్పేది కాదు. పిల్లలు ఆవిడకి చెవుల మేడమ్ అని పేరు పెట్టుకున్నారు.

ఆ విద్య గురువు దగ్గర్నించి వచ్చింది. ఆయన్ని అందరూ గుండు మాస్టారు అనేవారు, చేసే పనికీ తలకీ కలిపి ఒకే పేరు సరిపోయిందని. ఆయన భుజం ఒకటి కిందికి వాలిపోయి ఉండేది. ఏమైందని అడిగితే మాట మార్చేవాడు. ఉద్యోగం వదిలి వెళ్ళే రోజు మాత్రం అన్నాడు. "చప్పుడు ముందొచ్చి గుండు వెనకొచ్చిందంటే, పంతం పట్టకమ్మా. పక్కకి జరుగు."

పెద్దాయన చాదస్తం అనుకుంది మేడమ్.

ఒక ఏడాది చేరినవాళ్ళలో, అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల ఒకతి. పీలగా, నోట్లో నాలుక లేనట్టుండేది. గుండు పట్టిందంటే మాత్రం వేరే మనిషి. రోజురోజుకీ ఆ పిల్ల గుండు జెండాకి దగ్గరవుతోంది. మేడమ్ పైకి శభాష్ అనేది. ఇంటికెళ్ళాక ముద్ద దిగేది కాదు. ఆ జెండా కాస్తా పోతే మైదానంలో తనదంటూ ఇంకేం మిగులుతుంది?

ఒక మంచు పొద్దున వెనకాల దబ్బుమంది. "భుజం ముందే తెరిచావు," అంది మేడమ్.

"నేనింకా విసర్లేదు మేడమ్."

పిల్లలు కిసుక్కుమన్నారు. "మేడమ్ చెవులకింకా నిద్ర వదల్లేదే!" అంది ఒకతి.

అప్పుడు విసిరింది పిచ్చుక. అదే చప్పుడు, అదే తప్పు. మేడమ్ వెళ్ళి చూసింది. గుంత ఒకటే. దాని అంచు మట్టి మాత్రం రెండుసార్లు చెదిరినట్టుంది.

ఆనాటినుంచి పిచ్చుక గుండు విసిరే రింగులోకి దిగితే చాలు, ముందు చప్పుడు, తర్వాత గుండు. ప్రతిసారీ ఇంకాస్త దగ్గరగా. మేడమ్ ఎవరికీ చెప్పలేదు. చోటూ వదల్లేదు. నా చోటు నేనెందుకు వదలాలి అని తనతో తనే వాదించుకునేది.

ఒకరోజు, ఎండ ఫెళ్ళున కాస్తుండగా, కాళ్ళకింద నేల అదిరింది. మడమల మీద మట్టి పడింది. తిరిగి చూస్తే తన బూట్లకి ఆనుకుని తాజా గుంత. అందులో గుండు లేదు. గుండు ఇంకా అక్కడ, పిచ్చుక మెడ దగ్గరే ఉంది.

మేడమ్ పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఆగు" అన్న మాట నోటిదాకా వచ్చింది. ఆపితే జెండా నిలుస్తుంది. ఇవాళ ఆపచ్చు, రేపూ ఏదో ఒక వంక పెట్టి ఆపచ్చు. పిచ్చుక ఆవిడ వైపే చూస్తోంది, అనుమతి కోసం. మాస్టారి వాలిన భుజం గుర్తొచ్చింది.

ఆ మాట మింగేసి మేడమ్ పక్కకి జరిగింది. "ఊఁ, కానీ!"

గుండు వచ్చి సరిగ్గా ఆ గుంతలో కూర్చుంది.

పిల్లలు కేకలతో మైదానం హోరెత్తించేశారు. మేడమ్ తన చేత్తోనే జెండా పీకి కొత్త చోట గుచ్చింది. ఏడుపొస్తుందనుకుంది, రాలేదు. ఆ పూట బయటికి తీసిన ఒకే ఒక్క గుండుని ఎత్తుకుని, తేలికపడ్డ మనసుతో రింగు వైపు నడిచింది.

వెనక నవ్వులు. చూస్తే పిచ్చుక కొత్త జెండా వెనక చేరి, గోడవైపు తిరిగి, కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. "ఇకనించి ఈ చోటు నాది మేడమ్!"

మేడమ్ కూడా నవ్వబోయింది.

దబ్బుమంది.

"ఇటు తిరుగు తల్లీ!" పిచ్చుక మడమల మీద మట్టి పడటం చూసి అరిచింది మేడమ్.

పిచ్చుక తిరగలేదు. "వినిపించింది మేడమ్. ఎవరు విసిరారు?"

రింగులో నిలబడ్డ మేడమ్ గుండుని రెండు చేతులా పొట్టకి అదుముకుంది.