కోరలు లేని వాల్రస్

జెబమలర్ ఇరవై రెండేళ్లుగా ఫైబర్ బొమ్మలు చేస్తోంది. కోయంబత్తూరు శివార్లలో సుందరరాజన్ షెడ్డులో ఆమె చేసినవన్నీ నోరు తెరిచిన పెంగ్విన్ చెత్తబుట్టలు, బేకరీల ముందు నిలబెట్టే ఎలుగుబంట్లు. అవి నిజం జంతువుల్లా ఉన్నాయా అని ఎవరూ అడగలేదు. ఆమె కూడా పట్టించుకోలేదు.

ఆ వేసవిలో మదురైలోని ఒక ప్రైవేటు బడి తన కొత్త సైన్సు హాలుకు పొడవాటి కోరలుండే సముద్ర జంతువుల బొమ్మలు, మూడు రకాల వాల్రస్‌లు కావాలంది. ఒకటి ఇప్పుడు మంచు సముద్రాల్లో బతుకుతున్నది. రెండోది అంతరించిపోయిన నాలుగు కోరలది. మూడోది అన్నిటికన్నా పాతది, కోటిన్నర ఏళ్ల కిందటిది. దానికి పొడవాటి కోరలే లేవు. ఆ బడి సైన్సు టీచరు ప్రియంక పుర్రెల ఫొటోలు పంపి, రోజూ ఫోనులో వివరించేది. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగేనని తెలిశాక మాటలు ఇంకా పెరిగాయి. ఈ వంశంలో కోరలు చాలాకాలం తర్వాత పెరిగాయని, మొదటివి సన్నటి ఒంటితో చేపల వెంట ఈదేవని ఆమె చెప్పింది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన జెబమలర్, ఆ పళ్లు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుని చేసింది. మూడోదాని మూతి కుదరక, ఫైబర్ వేసేముందు చేసే నమూనాలో నాలుగుసార్లు మట్టి తీసి మళ్లీ పెట్టింది.

అంతా అయ్యాక సుందరరాజన్ ఊళ్లోని ఆర్.ఎస్. పురం నుంచి కారులో వచ్చాడు. కొనేవాళ్లతో తమిళమే మాట్లాడే ఆ మనిషి, ఆమెను ఒప్పించాల్సి వస్తే ఇంటి తెలుగులోకి దిగేవాడు.

"జెబా, దీనికీ రెండు కోరలు పెట్టమ్మా. బడి నడిపే కరెస్పాండెంట్ చూసి కుక్క మాదిరి ఉండాదంటాడు."

"దీనికి లేవు సార్. ఉండుంటే నేనే పెట్టేదాన్ని గదా."

"ఎవురు చూసినారు?"

"ఎముకలు తవ్వినోళ్లు చూసినారు."

ఆయన నవ్వి వెళ్లిపోయాడు. ఆదివారం చర్చికి వెళ్లి, సోమవారం ఆమె షెడ్డుకు వచ్చేసరికి మూడోదానికి రెండు కోరలు బిగించి ఉన్నాయి. బోల్టుల మీద పుట్టీ ఇంకా ఆరలేదు. పెయింటర్ కదిరవన్ తల వంచుకుని, సుందరరాజన్ ముదలాళి చెప్పినారు అన్నాడు. ఆమెకు ఒళ్లు మండింది. తన చేతుల్లోంచి వచ్చిన ఒకే ఒక్క నిజమైన జంతువు అది.

అతుకులు సరిచేసే పని ఆమెదే కాబట్టి లారీలో మదురై వెళ్లింది. హాల్లో ప్రియంక ఆ కోరలు చూసి నిర్ఘాంతపోయి, నేరుగా కరెస్పాండెంట్ గదికి వెళ్లింది. తిరిగొచ్చినప్పుడు జెబమలర్ ముఖం చూడలేకపోయింది.

"సార్ ఒప్పుకోలేదు. ఈ ఏడు ఇట్లే ఉండనీ అక్కా. పిల్లలకు క్లాసులో నేను చెప్తాను."

సుందరరాజన్ మీద వచ్చిన కోపం కన్నా ఇది పెద్దది. ఆయనకు తెలియదు. ప్రియంకకు తెలుసు.

"నువ్వు నోటితో ఒకటి చెప్తావు, ఈడ కండ్లకు ఇంకొకటి చూపిస్తావు. పిల్లలు దేన్ని నమ్మాల?"

జెబమలర్ వెంట తెచ్చుకున్న కోత గ్రైండర్ ప్లగ్గు పెట్టి రెండు కోరలనూ మొదలంటా కోసేసింది. చప్పుడుకు కరెస్పాండెంట్ పరిగెత్తుకొచ్చి తమిళంలో అరిచాడు. ఆమె ఆ కోరలు తీసుకెళ్లి ఆయన ముందున్న బల్లమీద పెట్టి, ఇవి దానివి కావని, ఎవరికి కావాలో వాళ్లే పెట్టుకోవచ్చని తమిళంలోనే చెప్పింది. తర్వాత కూర్చుని, కోసినచోట పుట్టీ పూసి, రుద్ది, రంగు వేసింది. ఆపే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

హాలు ప్రారంభోత్సవంలో రెండు వాల్రస్‌లే ఉన్నాయి. మూడోదాన్ని స్టేజీ వెనక గదిలో పడేశారు. షెడ్డుకు ఇక రావద్దని సుందరరాజన్ ఆ సాయంత్రమే ఫోను చేశాడు. ఆమె నీళ్ల ట్యాంకులు చేసేచోట పనికి కుదిరింది.

రెండు వారాలకు ప్రియంక ఫోను చేసి, ఏడో తరగతి పిల్లల్ని ఆ గదిలోకి తీసుకెళ్లి చూపించానని సంతోషంగా చెప్పింది.

"చూపించినాక గది తెరిచే పెట్టినావా?"

తాళం వేయమన్నారు అక్కా, అంది ప్రియంక.

"అయితే తెరిచిన దినం ఫోన్ చెయ్యి," అని జెబమలర్ పెట్టేసింది.