టోపీవాడి సాగనంపు

ఆ ఏడు వేసవిలో పాడేరు సంతలో ఆట చూపించి, అప్పలస్వామి కొండెక్కి సోంబరు వాళ్ల ఊరికి వచ్చాడు. అతడిది విజయనగరం వైపు. చేత్తో తిప్పే యంత్రం, తెల్లగుడ్డ కావడిలో పెట్టుకుని ఊరూరా తిరిగేవాడు. గుడ్డ మీద బొమ్మలు కదులుతాయి, మాట్లాడవు. పక్కన నిలబడి కథంతా అతడే చెబుతాడు. ఉన్నది ఒకటే కథ. పాడుబడిన కోటలోని ఆడదెయ్యం ఊళ్లో పిల్లని ఎత్తుకుపోతుంది, పోలీసు దారోగా వచ్చి విడిపిస్తాడు.

సోంబరు ఆ ఊరి దిసారి. మంచిరోజు చెప్పాలన్నా, దేవతకు కోడిని కొయ్యాలన్నా, ఊరికి పట్టిన జబ్బును పొలిమేర దాటించాలన్నా అతడే. ఇన్ని చేసేవాడికి సొంత కొడుకుని ఇంటికి తెచ్చుకోవడం మాత్రం చేతకాలేదు. నిరుడు ఘాటురోడ్డు వెట్టిలో టోపీ మేస్త్రీ బూటుకాలితో తంతే ఆ కొడుకు గాసి పారిపోయి, కొండమీద పోడులో గుడిసె వేసుకుని ఉండిపోయాడు. రోడ్డు పని అవతలి కొండకి వెళ్లిపోయింది. మేస్త్రీ కూడా పోయాడు. గాసి కోసం అడిగేవాడు లేడు. ఆ మాటే సోంబరు వెళ్లి చెప్పి వచ్చాడు. వాడు నమ్మలేదు. కోడలు ఈశ్వరమ్మ చోడి అంబలి పైకి మోసి మోసి విసిగింది. తొలకరి పడితే పల్లం దున్నాలి. సోంబరు నడుం ఇక నాగలికి వంగదు.

పొద్దు గుంకగానే ఆట మొదలైంది. దెయ్యం జుట్టు విరబోసుకుని, కోరలు చూపిస్తూ వచ్చింది. జనం ఒకరినొకరు పొడుచుకుని నవ్వారు.

"ఓ కోడిపిల్లనిత్తే పోద్ది. ఇంత గోలేటి?" అంది పక్కింటి సోములమ్మ.

అప్పలస్వామి గొంతు పెంచినకొద్దీ నవ్వు పెరిగింది. అప్పుడు దారోగా వచ్చాడు. నెత్తిన టోపీ, కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర. గుడ్డలోంచి తిన్నగా జనం వైపు నడిచాడు. నవ్వు ఆగిపోయింది. ఎవరూ అరవలేదు. పిల్లల్ని చంకనేసుకుని ఒక్కొక్కరే లేచి అడవిలోకి వెళ్లిపోయారు. తన కాళ్లూ అటే నడుస్తున్నాయని సోంబరుకి కొంతదూరం పోయాక గాని తెలియలేదు.

మర్నాడు అరుగు మీద కూర్చుని అప్పలస్వామి తల గోక్కున్నాడు. కింద ఊళ్లలో దారోగా రాగానే ఈలలు వేస్తారట. పెద్దజొరం వచ్చి ఇంటింటా పీనుగులు లేచిన ఏడు, దెయ్యాన్ని చూసి ఆడవాళ్లు మూర్ఛపోయారట. ఇప్పుడు జొరం మరిచిపోయారు, దెయ్యానికీ నవ్వుతున్నారట.

"ఆడు గుంటని కాపాడినోడు మావా. ఆణ్ని సూసి పారిపోతారేటి?"

"మా గుంటల్ని ఎట్టికి పట్టుకెళ్లింది ఆ టోపీవోడే," అన్నాడు సోంబరు.

అప్పలస్వామి యంత్రాన్ని పెట్టెలో పెట్టి మూత వేశాడు.

ఆ రోజే పిల్లలకు జొరంతో ఒళ్లు కాలింది. రోడ్డు పక్క చేలకి మగాళ్లు పోలేదు. టోపీవాడు పెట్టెలోంచి దిగి ఊళ్లోనే ఉన్నాడని పెద్దలు తేల్చారు. జబ్బును బొమ్మ కట్టి, పాడె మీద వాగు దాటించినట్టే వాణ్నీ పంపమని సోంబరుని అడిగారు. బొమ్మ వాగు దాటినంత మాత్రాన మేస్త్రీలు పుట్టడం మానరని అతడికి తెలుసు. అయినా సరేనన్నాడు. గడ్డితో బొమ్మ కట్టమన్నాడు. తరవాత, ప్రతి ఇంటి మగాడి చెయ్యీ పాడెకి తగలాలని, ఒక్క చెయ్యి తగ్గినా జబ్బు వెనక్కి వస్తుందని గుర్తుచేశాడు. అది పాత కట్టుబాటే. అతడి ఇంటినుంచి ఇన్నాళ్లూ అతడి చెయ్యే తగిలేది.

"ఈసారి నా సెయ్యి సాలదు. తన్నులు తిన్నది గాసి," అన్నాడు.

ఈశ్వరమ్మ మామ మొహం ఒకసారి చూసి, కొండ దారి పట్టింది. ఊరి పిల్లలకు జొరమని, నువ్వు రాకపోతే తగ్గదని మొగుడికి చెప్పిందట. గాసి పొద్దు వాలుతుండగా దిగాడు. గడ్డం పెరిగిపోయి ఉంది. బొమ్మ నెత్తిన ఎవరో బుట్టని టోపీలా బోర్లించారు. దాన్ని చూసి గాసి ఆగిపోయాడు. సోంబరు కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. లాగలేదు. నిలబడ్డాడు, అంతే. ఊరంతా అలాగే నిలబడింది. చివరికి గాసే ఆ చేతిని పాడె మీద వేశాడు.

బొమ్మని వాగు అవతల దించారు. సాగనంపిన వాళ్లు వెనక్కి తిరిగి చూడకూడదు. తిన్నగా ఎవరింటికి వాళ్లు పోవాలి. తెల్లవారేదాకా గుమ్మం దాటకూడదు. ఇక కొండెక్కడానికి లేదని గాసికి అప్పుడు తట్టినట్టుంది, తండ్రి వైపు చూశాడు. సోంబరు ముందుకే చూస్తూ నడిచాడు.

గాసి ఇంట్లోకి వెళ్లాడు. ఈశ్వరమ్మ తడిక మూసింది.

తెల్లవారాక గాసి వచ్చి తండ్రి పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఆడు మళ్లీ వత్తాడా అయ్యా?"

సోంబరుకి కొడుకుతో అబద్ధం ఆడబుద్ధి కాలేదు.

"వత్తాడు. వత్తే అందరం కలిసి మళ్లీ పాడె మోద్దుం."

గాసి రోడ్డు వైపు చూశాడు. తరవాత పెళ్లాన్ని పిలిచి, ఇక అంబలి కొండకి మొయ్యక్కర్లేదని చెప్పి, మొహం కడుక్కోడానికి నీళ్లు అడిగాడు.