తిరుపతమ్మ పదకొండు నిమిషాలు

అభిరామ్ గారూ, మీరూ, మీ వెనక చప్పట్ల బొమ్మలు పెట్టిన డెబ్బై ఆరుగురూ కలిసి తిరుపతమ్మను గ్రూపులోంచి గెంటారు. మిమ్మల్ని తిట్టినందుకు గెంటామంటున్నారు. అబద్ధం. ఆమె తిట్టిన రోజు మీరు ఆమెకు చప్పట్లు కొట్టారు. అదే వారం సర్టిఫికెట్ కూడా ఇచ్చారు. తిట్టిందని మీకు పద్దెనిమిది రోజుల తర్వాత తెలిసింది. ఆ సిగ్గుకు గెంటారు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చివరిదాకా చదవండి. అలవాటు లేదని తెలుసు, అయినా చదవండి.

కొత్తగా చేరినవాళ్ళ కోసం ముందు ఈ గ్రూపు సంగతి చెప్పాలి. ‘నాగులేటి కలాలు’ అంటే రాయాలని ఉండి, అచ్చులో ఇంకా పేరు చూసుకోని రెండొందల పద్నాలుగు మంది ఉన్న వాట్సాప్ గ్రూపు. నరసరావుపేటలో కాలేజీ పాఠాలు చెప్పే అభిరామ్ గారు అడ్మిన్. ఒక కథ పెట్టాలంటే ముందు పది కథలు మెచ్చుకోవాలన్నది ఆయన నియమం. ఒకరినొకరు చదువుకుంటారని పెట్టారు. మనం ఏం చేశాం? పొద్దున టీ చల్లారేలోగా పది కథల కింద పది చప్పట్లు కొట్టి, పదకొండోదిగా మనది పెట్టుకున్నాం. నేనూ కొట్టాను. గురజాల దగ్గర పదకొండేళ్ళు నాపరాళ్ళకు పాలిషు పట్టిన దాన్ని, కార్మికుల తరఫున యజమానుల గుమ్మాల ముందు అరిచిన దాన్ని, ఈ మహేశ్వరి కూడా చదవకుండా చప్పట్లు కొట్టింది. రాసుకోండి.

నిజంగా చదివే మనిషి గ్రూపులో ఒక్కతే ఉంది. వినుకొండ బస్టాండు పక్కన జాకెట్లు కుట్టే ఫాయిజా. వాయిస్ కథలైతే మిషను తొక్కుతూ వింటుంది. ఒకసారి నాకు ఫోను చేసి, “అక్కా, మీ కథలో కోడి రెండో పేజీలో చచ్చిపోయింది, నాలుగో పేజీలో గుడ్డు పెట్టింది, చూసుకున్నారా?” అంది. అంతకుముందు ఆ కథకు నలభై చప్పట్లు పడ్డాయి. ఆ రోజు నుంచి ఫాయిజా నాకు చెల్లెలు.

తిరుపతమ్మది నకరికల్లు. మిరప కోతలకు పోతుంది. చదవగలదు, ఫోనులో టైపు చేయడం రాదు. అందుకని కథను నోటితో చెప్పి వాయిస్ పెడుతుంది, నేను టైపు చేస్తాను. మొదటి రెండు కథలకూ అభిరామ్ గారు ఒకే మాట రాశారు: “భావం ఉంది, శిల్పం లేదు.”

మూడో కథ మొన్న మార్చిలో, చేలో, మధ్యాహ్నం అన్నాల వేళ చెప్పింది. పొద్దుట్నుంచి మిరపకాయలు కోసిన చేతులతో ఫోను ముట్టుకుంటే, తర్వాత ఆ ఫోను చెవిన పెట్టుకోలేం. అందుకని గట్టు మీద పెట్టి మోచేత్తో నొక్కుతుంది. మైకు బొమ్మను మోచేత్తో పైకి తోసింది. రికార్డింగు పడలేదనుకుంది. పడింది. ఇక సద్ది తింటూ, పక్కనున్న పున్నమ్మతో మనసులో మాట చెప్పుకుంది. పదకొండు నిమిషాలు.

“ఏందే పున్నమ్మా, సిల్పం సిల్పం అంటాడు? కతేమన్నా నాపరాయా, ఉలి పెట్టి చెక్కటానికి?”

“ఎవురే ఆయన?”

“అడ్మినంట. ఆయన కతొకటి చదివా. మొదట్లో వాన మొదలైద్ది. మన చేను పూతకొచ్చి, కాయకొచ్చి, కోతకొచ్చినా ఆ వాన మాత్రం ఆగదు. ఆ కత ఎద్దుకి చదివి ఇనిపిస్తే మేత మానేసిద్ది.”

“చదువుకున్నాయన గదే, అట్టా అనబాక.”

“అనకేంజేస్తా? ఇన్నాడా నా కత? ఇనకుండానే లేదంటాడు. ఆయన నోట్లో మన పండుకాయ ఒకటి నలిపి పెట్టాలి. అప్పుడొచ్చిద్ది చూడు సిల్పం!”

ఇవి ఇక్కడ రాయదగ్గవి. మిగతావి నేనూ ఫాయిజా దాచుకున్నాం.

చేతనైనంత తిట్టాక, ఇక కథ చెబుదామని మళ్ళీ మోచేత్తో నొక్కింది. మొదలైందనుకుంది. కాలేదు, తిట్లు గ్రూపుకు వెళ్ళిపోయాయి. ఆ తర్వాత ఏమీ రికార్డు చేయని ఫోను ముందు కూర్చుని తన కథంతా చెప్పింది. చెబుతూ రెండుసార్లు ఏడ్చిందట కూడా.

పదకొండు నిమిషాల వాయిస్. మొదటి నిమిషం దాటకుండానే ముప్పై చప్పట్లు. రెండో నిమిషంలో అభిరామ్ గారు స్వయంగా వచ్చి, “తల్లీ, మట్టి వాసన! ఈసారి శిల్పం కుదిరింది” అని రాశారు. శనివారం ‘ఈ వారం మేటి కథ’ అని చుట్టూ గులాబీలు వేసిన సర్టిఫికెట్ ఇచ్చారు. గ్రూపు తరఫున రాబోయే పుస్తకంలోకి ఎంపిక చేశారు. ‘మట్టి గుండె చప్పుడు’ అని పేరు కూడా ఆయనే పెట్టారు.

ఆ రోజే ఫాయిజా ఫోను. మాట రాదు, ఒకటే నవ్వు.

“అక్కా, మీరు విన్నారా?”

“చప్పట్లు కొట్టానే.”

“అయితే వినలేదు. కూర్చుని వినండి. మంచినీళ్ళు దగ్గర పెట్టుకోండి.”

విన్నాను. పొట్ట పట్టుకుని మంచం మీద దొర్లాను. అప్పుడు నాకు దుర్బుద్ధి పుట్టింది.

“చెల్లే, దీన్ని ఉన్నదున్నట్టు టైపు చేసి పుస్తకానికి పంపుతాను.”

“అక్కా, వద్దు. ఎవరైనా చదివితే?”

“ఎవరు చదువుతారే?”

పంపాను. ఎద్దు, మేత, పండుకాయ, అక్షరం పొల్లు పోకుండా. అభిరామ్ గారు “చూశాను, చక్కగా ఉంది” అని జవాబిచ్చి ప్రెస్సుకు పంపేశారు. పేజీలు పెట్టే ప్రెస్సాయన మాత్రం చదివాడు. జీతం తీసుకుని పనిచేసేవాడు కదా, చదివాడు. “సార్, ఇందులో అడ్మిన్ అంటే తమరేనా?” అని ఫోను చేశాడట. గంటలో తిరుపతమ్మ గ్రూపులో లేదు. “సభ్యత లేని భాషకు ఇక్కడ చోటు లేదు” అని ఒక ముక్క. దానికీ డెబ్బై ఆరు చప్పట్లు! పుస్తకంలో ఆమె పేజీలు ఖాళీ అయ్యాయి. ఆ ఖాళీలో అభిరామ్ గారి రెండో కథ వచ్చి కూర్చుంది. వాన కథే.

నవ్వు అక్కడ ఆగింది. నేను చేసిన తుంటరి పనికి దెబ్బ నాకు తగల్లేదు, ఆమెకు తగిలింది. మర్నాడు నకరికల్లు బస్సెక్కాను. ఫాయిజా కుట్టుపని ఆపి వినుకొండ నుంచి వచ్చింది. ముగ్గురం ఒకరినొకరు నేరుగా చూసుకోవడం అదే మొదలు. గోడకు గులాబీల సర్టిఫికెట్ లామినేషన్ చేయించి కొట్టి ఉంది.

“మహేశ్వరక్కా, అందరూ మెచ్చుకున్నారు గదా. మళ్ళా ఎందుకు తీసేశారు? నా కత అంత చెడ్డదా?”

దాచకుండా చెప్పాను, నేను టైపు చేసి పంపిన సంగతితో సహా. ఫాయిజా వాయిస్ వినిపించింది. తిరుపతమ్మ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. “ఓయమ్మో, ఎద్దు మాట కూడా పడిందా!” అని నా వీపు మీద ఒకటి చరిచింది. అది నాకు దక్కాల్సిందే. కాసేపటికి సర్టిఫికెట్ వంక చూసి, నెమ్మదిగా అడిగింది.

“అయితే... నా కత ఎవురూ ఇన్లేదా?”

ఫాయిజా ఫోను తీసి, మైకు పడిందో లేదో మూడుసార్లు చూసి, “ఇప్పుడు చెప్పక్కా, మేమున్నాం” అంది.

చెప్పింది. ఒక తల్లి, మూడు నెలల బిడ్డ. మిరప కోతకు పోకపోతే గడవదు. సాయంత్రం ఇంటికొచ్చి మజ్జిగతో కడిగినా, ఆముదం రాసినా చేతుల మంట పోదు. ఆ చేతులు తగిలితే బిడ్డ ఒళ్ళు మండి గుక్కపట్టి ఏడుస్తుంది. కోతలు సాగినన్నాళ్ళూ ఆ తల్లి అరచేతులు దూరంగా చాపి, బిడ్డను మోచేతులతో ఎత్తుకుంది. కోతలు అయిపోయి, చేతులు చల్లబడి, మొదటిసారి అరచేత్తో తల నిమిరితే బిడ్డకు ఆ స్పర్శ కొత్తై ఏడ్చింది. అంతే కథ. ఫాయిజా కళ్ళు తుడుచుకుని, “బిడ్డ పేరు చెప్పలేదక్కా” అంది. “పెట్టాలి గదా మరి! నువ్వు చెప్పు” అంది తిరుపతమ్మ. పక్కన ఎసరు మరిగిపోతున్నా లేవకుండా ఇద్దరూ పేరు వెతుకుతూ కూర్చున్నారు. రెండేళ్ళుగా ఈ గ్రూపులో ఉన్నాను. ఇద్దరు రచయితలు కలవడమంటే ఏమిటో ఆ రోజు చూశాను.

అభిరామ్ గారూ, పేజీలు శుక్రవారం అచ్చుకు పోతాయి, పుస్తకం ఆదివారం బయటికొస్తుంది. ఆ వాన ఆపండి. తిరుపతమ్మ కథ టైపు చేసి మీకు పంపాను, దాని పేజీలు దానికివ్వండి. ఆమెను ఈ రోజే మళ్ళీ గ్రూపులో చేర్చండి. చేర్చి, ఆమెకు క్షమాపణ చెప్పండి. నా తప్పుకు నేను చెప్పాను. నన్ను గెంటాలనుకుంటే గెంటండి, గెంటడానికి ముందు ఇది చదవాల్సి వస్తుంది, నాకదే చాలు. ఆదివారం సభలో ఉపన్యాసాలు తగ్గించి పదకొండు నిమిషాలు ఆమెకివ్వండి. ఫోనులు జేబుల్లో పెట్టి వినండి. ఆ పది చప్పట్ల నియమం తీసిపారేయండి.

మిగతా రెండొందల మందీ, దీని కింద చప్పట్లు పెట్టారో, ఊరుకోను. ఇక్కడిదాకా నిజంగా చదివినవాళ్ళు ఒక్క మాట రాయండి: ఆ తల్లి తన బిడ్డను దేనితో ఎత్తుకుంది? చూస్తున్నాను. రాయండి.