కార్డు లేనివాళ్లకు మైకు లేదు

పేపర్ కట్టర్ కత్తి దించగానే మందపాటి అట్ట చటుక్కున తెగింది. గుమాస్తా ఆ ముక్కను మూడు మడతలు పెట్టి, స్కేలు అంచుతో మడత మీద గట్టిగా రుద్ది, బల్ల మీద నిలబెట్టి చూశాడు. నిలబడింది. నిలబడితేనే అది కార్డు, వాలిపోతే చిత్తుకాగితం. పొద్దున్న ఎనిమిదింటి నుంచీ ఇదే పని. వేళ్ల చివర్లు అట్ట పొడితో తెల్లబారాయి, బొటనవేలు పక్కన రెండుచోట్ల కోసుకుపోయింది. అతను పట్టించుకోలేదు.

ఆ విభాగంలో అతనిది ఇరవై ఏడేళ్ల ఉద్యోగం. బక్కపలచటి మనిషి. ఎప్పుడూ మోచేతుల దాకా మడిచిన పొడుగు చేతుల చొక్కా, దారంతో మెడలో వేలాడే కళ్లద్దాలు. తిట్టినా తలూపుతాడు, మెచ్చుకున్నా తలూపుతాడు. మెచ్చుకున్న సందర్భాలు పెద్దగా లేవనుకోండి. పరిశోధన చేసే పిల్లలు బాబాయ్ అంటారు, ప్రొఫెసరు ఏమయ్యా అంటాడు.

మర్నాటి నుంచి రెండు రోజులు కార్యశాల. విషయం 'సంస్థలు - సమాజం ముందున్న సవాళ్లు'. ఆకలి, కాలుష్యం, నిరుద్యోగం, పనిచేసే చోట హింస, వీటన్నిటి ముందూ సంస్థల బాధ్యత ఏమిటో ముప్పై రెండు మంది పండితులు తేల్చాలి, మధ్యలో నాలుగు టీ విరామాలతో సహా. ఎనిమిది నెలలుగా ప్రొఫెసరు దీనికోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు. కుర్చీలు, నీళ్ల సీసాలు, మైకులు, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టకూడదు అన్న సంగతులు మాత్రం గుమాస్తా తలలో ఉన్నాయి.

అక్కడ ఒక నియమం ఉంది. పన్నెండేళ్ల కిందట ఇలాంటి సభలోనే, పిలవకుండా వచ్చిన ఒక విశ్రాంత పండితుడు మైకు పట్టుకుని గంటా నలభై నిమిషాలు వదల్లేదు. టీ చల్లారిపోయింది, ముఖ్య అతిథికి రైలు తప్పిపోయింది. ఆ దెబ్బకి ప్రొఫెసరు శాసనం చేశాడు. బల్ల మీద ఎవరి ముందు పేరుకార్డు ఉంటే వాళ్లే మాట్లాడాలి, కార్డు లేనివాళ్లకు మైకు లేదు. కార్డు ఉంటే మాత్రం, ఎవరైనా సరే, వరసలో మైకు వాళ్ల దగ్గర ఆగాల్సిందే. ఆ నియమం ఎంత ఇష్టమో ఆయనకి, బయట సభల్లో కూడా గర్వంగా చెప్పుకుంటాడు.

ఈసారి జాబితాలో ముప్పై మూడో పేరు ఉంది. పండితురాలు కాదు, ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేసిన మనిషి. పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి మూడేళ్లుగా ఆ ఫ్యాక్టరీ మీదే పరిశోధన చేస్తోంది. ఆ అమ్మాయే ఆమెను ఒప్పించింది.

తొమ్మిదిన్నరకి అమ్మాయి వచ్చి, కట్టర్ పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"రేపు ఆవిడ వస్తానంది బాబాయ్. రాత్రంతా ఏడ్చిందట గానీ, వస్తానంది."

"రానీ తల్లీ. అసలేం జరిగింది వాళ్లాయనకి?"

"బాయిలర్ పేలేలా ఉందని ఆపేశాడు. ఎవర్నడిగి ఆపావురా అని సెక్యూరిటీ వాళ్లు బాయిలర్ గది గుమ్మంలోనే రాడ్లతో కొట్టారు. మోకాళ్లు విరగ్గొట్టి, పాకుతుంటే ప్రాణం పోయేదాకా వీపు మీద కొట్టారు. ఈవిడ ప్యాకింగ్ కిటికీలోంచి చూస్తూనే ఉంది, తలుపులు బయట్నుంచి గడియ పెట్టేశారట. కంపెనీ కాగితాల్లో ఏం రాశారో తెలుసా? కాలు జారి పడ్డాడు అని."

కట్టర్ పిడి మీద గుమాస్తా చెయ్యి ఆగిపోయింది. అట్ట సగం తెగి వేలాడింది.

అతనికి ఇరవై రెండేళ్లప్పుడు ఒక నేతమిల్లు టైమాఫీసులో హాజర్లు రాసే ఉద్యోగం. ఒక మధ్యాహ్నం సూపర్‌వైజరు మగ్గాల షెడ్డులో ఒక కార్మికుణ్ణి ఇనపకడ్డీతో కొట్టాడు. తప్పు పెద్దదేం కాదు, దారం తెగితే మగ్గం ఆపి, నీళ్లు తాగడానికి వెళ్లాడు. మొదటి దెబ్బకే కన్ను పోయింది. మూడో రోజున మనిషే పోయాడు. సూపర్‌వైజరు ప్రమాదాల రిజిస్టరు తెచ్చి ఈ కుర్రగుమాస్తా ముందు పడేసి, 'కాలు జారి మగ్గం మీద పడ్డాడు, రాయి' అన్నాడు. చేతిలో కడ్డీ ఇంకా అలాగే ఉంది. గుమాస్తా రాశాడు. సూపర్‌వైజరు రిజిస్టరు వెలుతురులో పట్టుకుని చూసి, 'ముత్యాల్లా ఉన్నాయిరా నీ అక్షరాలు' అని మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత అతను చేత్తో రాయడం మానేశాడు. సంతకం తప్ప ఏదీ రాయడు. టైపు నేర్చుకున్నాడు, కంప్యూటర్లు వచ్చాక ఊపిరి పీల్చుకున్నాడు. ఇంట్లో సరుకుల చీటీ కూడా భార్యే రాస్తుంది. పెళ్లయిన కొత్తలో ఒక్కసారి ఎందుకని అడిగింది. అతను చెప్పాడు. మళ్లీ ఎప్పుడూ పెన్ను చేతికివ్వలేదు ఆవిడ.

ముప్పై రెండు కార్డులూ ప్రింటయ్యాయి. ఒక్కో కార్డు మీద మూడు వరసలు: పేరు, హోదా, సంస్థ. ముప్పై మూడో కార్డు దగ్గర మూడో వరస ఖాళీగా ఉంది. గుమాస్తా ఆవిడకే ఫోన్ చేశాడు.

"అమ్మా, పేరు కింద సంస్థ పేరు వెయ్యాలి. ఏం వెయ్యమంటారు?"

"నన్ను తీసేశారు కదన్నా. నాకే సంస్థా లేదు."

అవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపించింది.

"పోనీ ప్యాకింగ్, మూడో లైను అని వెయ్యన్నా. పదకొండేళ్లు అక్కడే నిలబడ్డాను."

అలాగే ప్రింటు తీశాడు. అది మిగతావాటి పక్కన చక్కగా నిలబడింది.

పదకొండింటికి ఫ్యాక్టరీ వాళ్లు వచ్చారు. ఏడుగురు. నలుగురి చేతుల్లో ఇనపరాడ్లు. ముందున్నవాడు తెల్లబూట్లు వేసుకున్నాడు, తలుపు దగ్గర కాళ్లు తుడుచుకుని మరీ లోపలికొచ్చాడు. పక్కగదిలో ప్రొఫెసరు తన తలుపుకి లోపల గడియ పెట్టుకున్న చప్పుడు అందరికీ వినిపించింది.

"లిస్టేది?" అన్నాడు తెల్లబూట్లవాడు.

ఒకడు రాడ్డెత్తి ప్రింటర్ని నడినెత్తి మీద కొట్టాడు. రెండో దెబ్బకి మూత ఎగిరిపోయింది, నల్లపొడి గదంతా లేచింది. ఇంకొకడు కంప్యూటర్ని తీగలతో సహా లాగి గోడకేసి బాదాడు. బీరువా అద్దాలు భళ్లున రాలాయి. కార్డులన్నీ నేల మీదికి ఊడ్చి తొక్కారు. పండితుల పేర్ల మీద బూటుముద్రలు పడ్డాయి. తెల్లబూట్లవాడు వంగి, వాటిలోంచి ఒక్కటి ఏరాడు. దాన్ని తాపీగా చదివాడు.

"ప్యాకింగ్, మూడో లైను," అని నవ్వాడు. "దీన్ని పిలిచింది నువ్వేనా?"

అమ్మాయి జుట్టు పట్టుకుని తల వెనక్కి వంచాడు. కార్డుని ఉండలా నలిపి ఆమె నోట్లో కుక్కాడు. "మాట్లాడించు. ఇప్పుడు మాట్లాడించు." అట్ట అంచుకి పెదవి చీలి, నెత్తురు గడ్డం మీదికి కారింది. అమ్మాయి గొంతులోంచి వచ్చిన శబ్దం మనిషి శబ్దంలా లేదు.

గుమాస్తా లేచాడు. ఎలా లేచాడో అతనికే తెలియదు. యాభై ఆరేళ్లలో ఎవరి చెయ్యీ పట్టి ఆపని మనిషి, ఆ తెల్లబూట్లవాడి మణికట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తియ్యి. అమ్మాయి నోట్లోంచి ఆ కార్డు తియ్యి."

పక్కనుంచి రాడ్డు వచ్చి ఎడమచెవి పైన తగిలింది. గది ఒక్కసారి తెల్లగా అయింది. అతను కూలి బల్ల కాలికి కొట్టుకున్నాడు. పడినవాణ్ణి డొక్కలో రెండుసార్లు తన్నారు. తెల్లబూట్లవాడు తన బూటు మీద పడిన నెత్తురుబొట్టు చూసుకుని, దాన్ని గుమాస్తా చొక్కాకే తుడుచుకుని వెళ్లిపోయాడు. ఇదంతా జరగడానికి టీ కాగినంతసేపు కూడా పట్టలేదు.

ప్రొఫెసరు గడియ తీసుకుని వచ్చేసరికి గుమాస్తా కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అమ్మాయి తన చున్నీతో అతని చెవి దగ్గర అదిమిపట్టింది. నెత్తురు ఎక్కువ రాలేదు, చిన్న గాటే.

"పోలీసులకి ఫోన్ చెయ్యండి సార్," అంది అమ్మాయి, చీలిన పెదవితో.

"పొద్దున్నకి అతిథులు దిగుతారు. ఇప్పుడు పోలీసులంటే కార్యశాల గంగలో కలిసినట్టే. పైనుంచి కూడా ఫోనొచ్చింది. ఆవిడకి కార్డు వద్దు. అసలు ఏ సంస్థా లేని మనిషికి సంస్థల కార్యశాలలో ఏం పని?" ఆయన గుమాస్తా వైపు తిరిగాడు. స్వరం మెత్తబడింది. "ఏమయ్యా, బాగానే ఉన్నావుగా? రిజిస్టర్లో ఏదో ఒకటి రాయాలి. బీరువా జరుపుతుంటే కాలు జారి పడ్డావని రాసెయ్యి. నీ చేతిరాతలోనే ఉంటే బావుంటుంది."

రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టాడు. గుమాస్తా దాన్ని చాలాసేపు చూశాడు. ముప్పై నాలుగేళ్ల కిందటి రిజిస్టరుకీ ఇదే ఎర్ర అంచు అట్ట.

"చెయ్యి వణుకుతోంది సార్. మీరే రాసుకోండి."

అతను ఆ గదిలో ఎవరికైనా కాదని చెప్పడం అదే మొదలు. ప్రొఫెసరు రిజిస్టరు చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

"హాస్పిటల్‌కి పోదాం పద బాబాయ్," అంది అమ్మాయి.

"నువ్వెళ్లి ఆ పెదవికి కుట్లేయించుకో. నాకేం కాలేదు తల్లీ. కార్డులయ్యాక వస్తా."

"ప్రింటరేదీ? జాబితా ఏదీ?"

"జాబితా నా దగ్గరుంది," అని వేలితో నుదురు చూపించాడు.

అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ వెళ్లింది. కట్టర్ కింద తెల్ల అట్టముక్కలు ఇంకా ఉన్నాయి, వాటి మీద ఎవరి కాలూ పడలేదు. సొరుగు అడుగున పదవీ విరమణ చేసిన ఎవరో వదిలేసిన సిరాపెన్ను దొరికింది. గుమాస్తా మొదటి అట్టను ముందు పెట్టుకుని కళ్లద్దాలు తగిలించుకున్నాడు. ఒక అద్దం పగిలి ఉంది. మొదటి అక్షరం రాసేముందు వెళ్లి బేసినులో కక్కుకుని వచ్చాడు. తర్వాత చెయ్యి వణకలేదు. ముప్పై నాలుగేళ్లు కట్టేసి ఉంచిన చెయ్యి, సిగ్గు లేకుండా, అందంగా రాసింది. అది చూసి అతనికి ఏడుపొచ్చింది.

రెండింటికి భార్య ఫోన్ చేసింది.

"క్యారేజీ తిన్నారా, లేక మీ పండితులకి కుర్చీలు మోస్తున్నారా?"

"తింటాలే. కొంచెం తలనొప్పిగా ఉంది."

"ఆ దిక్కుమాలిన కంప్యూటర్లోకి అస్తమానం చూస్తే నొప్పి రాదూ?"

"ఇవాళ కంప్యూటర్ కాదు. చేత్తో రాస్తున్నాను."

అవతల మోగుతున్న రేడియో ఆగింది.

"రాయండి," అంది. "రాసి తొందరగా ఇంటికి రండి."

మూడున్నరకి ముప్పై రెండూ అయ్యాయి. ముప్పై మూడోది నెమ్మదిగా రాశాడు. పేరు, దాని కింద ప్యాకింగ్, దాని కింద మూడో లైను. ఇంకొక్క అట్టముక్క మిగిలింది. దాన్ని వేళ్లతో తిప్పుతూ కాసేపు కూర్చున్నాడు. తర్వాత దాని మీద కూడా ఒక పేరు రాశాడు.

కార్డులన్నీ అట్టపెట్టెలో పెట్టుకుని గోడ పట్టుకుంటూ సభాగదికి నడిచాడు. ఎడమకన్ను ముందు వస్తువులు రెండేసిగా కనిపిస్తున్నాయి. ఆవిడ కార్డుని చివర్లో పెట్టలేదు, ఇద్దరు పెద్ద ప్రొఫెసర్ల మధ్య, మైకు అందేచోట పెట్టాడు. కుర్చీ వెనక్కి లాగి, కూర్చోవడానికి వీలుగా ఉందో లేదో చూశాడు. మిగిలిన ఆ ఒక్క కార్డునీ తలుపు దగ్గరి కుర్చీ ముందు నిలబెట్టాడు. తలుపు దగ్గరికి వేసి, తన గదికొచ్చి, బల్ల మీద చేతులు మడిచి వాటిమీద తల పెట్టుకున్నాడు.

అయిదున్నరకి అమ్మాయి పెదవికి మూడు కుట్లతో తిరిగొచ్చింది. నిద్రపోతున్నాడనుకుని, లేపడం ఇష్టంలేక, నేల మీది గాజుపెంకులు ఊడవసాగింది. సగం ఊడిచాక, ఆయన గురక పెట్టడం లేదని గమనించింది. బాబాయ్ కునుకు తీస్తే వరండా దాకా వినిపించేది గురక.

మర్నాడు పది గంటలకి కార్యశాల మొదలైంది. రాత్రంతా ఆస్పత్రిలో, ఆ తర్వాత గుమాస్తా ఇంట్లో గడిపిన ప్రొఫెసరు సభాగది చూసుకోనేలేదు. గుమాస్తా భార్యకి కాలు జారిన సంగతి ఆయనే చెప్పాడు. ఆవిడ వినలేదు, భర్త కుడిచేతి వేళ్లకంటిన సిరా చూస్తూ కూర్చుంది. సభలో ఆయన లేచి, ప్రమాదవశాత్తూ కాలు జారి పడి మరణించిన తమ ఉద్యోగికి ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నాడు. అందరూ లేచి నిలబడ్డారు. అప్పుడు కనిపించింది ఆయనకి, ఇద్దరు పెద్దల మధ్య నిలబడ్డ సాదాచీర మనిషి, ఆవిడ ముందు ఆ కార్డు, వెనకే పెదవికి కుట్లతో అమ్మాయి.

మైకు వరసలో వచ్చి ఆవిడ దగ్గర ఆగింది. ప్రొఫెసరు సగం లేచి ఏదో అనబోయాడు.

"కార్డుందిగా," అన్నాడు పక్కనున్న ముసలి అతిథి. "నియమం మీదే కదండీ. మాట్లాడనివ్వండి."

ఆవిడ మైకుని రెండు చేతులతో పట్టుకుంది.

"నిన్న ఇక్కడ ఒకాయన కాలు జారి పడ్డాడన్నారు," అంది. "మా ఆయన్ని కూడా అలాగే రాశారు. ఎలా జారాడో నేను చూశాను. ఆ అన్న ఎలా జారాడో ఈ అమ్మాయి చూసింది. ఇద్దరం చెప్తాం, వినండి."

చెప్పారు. ఆ పూట టీ విరామానికి ఎవరూ లేవలేదు. చెప్పడం అయ్యాక మైకు వరసలో ముందుకు సాగి, చివరికి తలుపు దగ్గర ఆగింది. అక్కడ కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పేరు జాబితాలో లేదు, ఆ మనిషి ఎవరో గదిలో ఒక్కరికీ తెలియదు. మూడు మడతల తెల్లకార్డు మాత్రం వాలకుండా నిలబడి ఉంది, దాని మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక పేరు, కింద 'మగ్గాల షెడ్డు' అని.