వాల్టర్ ప్యాంటు పొడవు

శుక్రవారం పొద్దున్నే మేనేజర్ గార్‌సైడ్ మర్నాటి ఆటలో ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పేవాడు. మధ్యాహ్నానికల్లా వాల్టర్ హిండ్లే దర్జీ కొట్టు మెట్లెక్కేవాడు. అప్పటికి అతని ప్యాంటు చీలమండలు దాటి పైకైనా పోయేది, నేలమీద ఈడ్చుకుంటూనైనా ఉండేది.

మా క్లేడెన్ ఫుట్‌బాల్ జట్టులో వాల్టర్ ఆడని చోటు లేదు. వెనకాల కాపలాకి పెడితే ఆరడుగులు దాటి, గుమ్మాల దగ్గర తల వంచుకుని నడిచేవాడు. మైదానం అంచున, వింగులో పరిగెత్తమంటే పొట్టిగా, చలాకీగా తయారయ్యేవాడు. గోల్‌కీపర్ని చేస్తే నిజంగానే ఆజానుబాహువు. ఆట మధ్యలో ఎవడి కాలు విరిగినా బదులు మనిషిని దింపే పద్ధతి ఆ రోజుల్లో లేదు. ఓసారి గోల్‌కీపర్ని మోసుకుపోతే ఆ చోటు వాల్టర్‌కిచ్చారు; అతను మైదానంలోనే సాగాడు, నిక్కరు కుట్లు పటపటా తెగాయి. మగవాళ్ళు టోపీలు ఎగరేశారు. ఆడవాళ్ళు ఆ నిక్కరు సంగతి వారమంతా చెప్పుకుని నవ్వారు.

వారం వారం అతని ప్యాంటు మడత కుట్లు విప్పేదీ వేసేదీ దర్జీ ప్రాటర్ కూతురు ఎడ్నా. ఆమె నోటికి ఊరంతా జడిసేది, వాల్టర్ తప్ప.

“ఈ వారం ఏంటి? దీపస్తంభమా, పాలసీసానా?”

“పాలసీసానే. ఎడమ వింగు.”

“నోట్లో గుండుసూదులున్నాయి, నవ్వించకు. తిన్నగా నిలబడు.”

ఎడ్నా అంటే వాల్టర్‌కి ప్రాణం. ఆ సంగతి ఊళ్ళో పాలవాడికి కూడా తెలుసు. అయినా పెళ్ళిమాట ఎత్తడు. చివరికి ప్రాటరే ఉండబట్టలేక అడిగేశాడు.

“ఏమయ్యా, మా పిల్లని అడుగుతావా, ఇలా ప్యాంట్లు మోసుకొస్తూనే ముసలాడివైపోతావా?”

“ఏమని అడగను ప్రాటర్ గారూ? ఒకరు చెప్తేగానీ నేనెంతవాణ్ణో నాకే తెలీదు. ఏ చోటూ ఇవ్వని రోజున అసలు మిగులుతానో లేదో! అలాంటివాణ్ణి కట్టుకుని తనేం సుఖపడుతుంది?”

“నా సుఖం సంగతి నన్నడక్కుండా మీరిద్దరే తేల్చేశారన్నమాట!” అంది ఎడ్నా, గుడ్డలో సూది కసిగా గుచ్చుతూ. ఆమె మనసు నిజంగానే నొచ్చుకుంది.

వాల్టర్ భయపడ్డ రోజు రానే వచ్చింది. అప్పటికి అతనికి ముప్పై అయిదు నిండాయి. ఆ శుక్రవారం గార్‌సైడ్ అందరి పేర్లూ చదివి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

“వాల్టర్, నీకు చోటు లేదయ్యా. ఇక ముందూ ఉండదు.”

మైదానం గేటు దాటేసరికి వాల్టర్ టోపీ కళ్ళమీదికి జారింది. వీధి మలుపు తిరిగేసరికి కోటు చేతులు నేల రాస్తున్నాయి. చేపలు వేయించి అమ్మే హెబ్బల్ అనే ఆవిడ తన కొట్టులోంచి బయటికొచ్చి, “త్వరగా నడువు నాయనా, త్వరగా!” అని అరిచింది. వాల్టర్ పరిగెత్తాడు. పూర్తిగా మాయమయ్యేలోపు ఎడ్నాని ఒక్కసారి చూడాలి, అంతే.

కొట్టు తలుపు గొళ్ళెం అందలేదు. కాలితో తన్నాడు. ఎడ్నా తలుపు తీసి, ఎవరూ కనపడక, తల వంచి కిందికి చూసింది.

“నాకు చోటు ఇవ్వలేదు ఎడ్నా,” అంది కోటులోంచి ఓ చిన్న గొంతు.

ఎడ్నాకి కళ్ళు చెమర్చాయి. కానీ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. కళ్ళు తుడుచుకుని, నడుమ్మీద చేతులు పెట్టుకుని, అచ్చం గార్‌సైడ్‌లాగే గదమాయించింది.

“హిండ్లే! వచ్చే నెల, చర్చిలో. నా కుడిపక్క!”

“అది... పెళ్ళికొడుకు నిలబడే చోటు కదా?”

“నీకు కాకపోతే గోల్‌కీపర్‌కి ఇస్తానా? నిలబడతావా లేదా?”

“నిలబడతాను,” అన్నాడు వాల్టర్.

అనగానే పెరగడం మొదలుపెట్టాడు. కోటు చేతులు నేల వదిలాయి, టోపీ నుదుటి మీదికి లేచింది. అతని కళ్ళు సరిగ్గా ఎడ్నా కళ్ళ ఎత్తుకి వచ్చి ఆగాయి. దీపస్తంభమూ కాదు, పాలసీసా కూడా కాదు. ఇన్నేళ్ళలో ఆమె ఎన్నడూ కొలవని కొలత. ఇద్దరూ ఏడుస్తూనే పకపకా నవ్వారు.

లోపల ప్రాటర్ అంతా విన్నాడు. అప్పుడే మంచి నల్లగుడ్డ ఒకటి బల్లమీద పరిచేశాడు.

“అమ్మాయ్, అతని పెళ్ళి ప్యాంటుకి మడతలో ఎంత గుడ్డ వదలమంటావే?”

“ఏం వదలక్కర్లేదు నాన్నా,” అంది ఎడ్నా. “కత్తిరించెయ్.”