కాటమయ్యకు మంచి ధార

తాటిచెట్టు మీంచి పడ్డాక ఎల్లాగౌడ్ చెట్టెక్కే మోకును మూలన పెట్టేశాడు. గోవాలో మద్యం కాచే బట్టీలో ఎనిమిదేళ్లు పనిచేసిన కొడుకు రవీందర్ సొంతూరు బుగ్గారం తిరిగొచ్చి, లైసెన్సు తీసుకుని, ఊరి కల్లునే పెద్ద హోటళ్లకు అమ్మే ఖరీదైన మద్యంగా కాయడం మొదలుపెట్టాడు.

బట్టీ నుంచి మొదటి ధార పడగానే ఎల్లాగౌడ్ అలవాటు కొద్దీ గౌడుల దేవుడు కాటమయ్య పేరున నేల మీద ఒంపబోయాడు.

"ఆగు బాపూ! మొదలు అచ్చేది విషం. పారబోసుడే."

"మనం తాగరానిది దేవునికెట్ల పోస్తమురా?" ముసలాయన కస్సుమన్నాడు. కల్లు తాగే తాటాకు రేక పట్టుకుని గంటసేపు బట్టీ ముందు నుంచి కదల్లేదు. మంచి ధార రాగానే దేవుడికి కాస్త ఒంపి, మిగిలింది కొడుకు చేతిలో పెట్టాడు.

"పడ్తవని నిన్ను చెట్టెక్కనియ్యలే, దేశం మీదికి తోలిన. గీ బట్టీ కాడ పడుడు లేదు. ఇగ ఈడనే ఉండు కొడుకా."