పక్క సీటు బ్రేకు

పొద్దున ఎనిమిదింటికి బ్రేకు టీచరమ్మ కాఫీ గ్లాసు పట్టుకుని కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేది. కుడికాలి చెప్పు విప్పి, అరికాలు నేలకి ఆనించేది. ఎడమకాలి చెప్పు మాత్రం అలాగే ఉండేది. చూసేవాళ్లకి ఒంటికాలి చెప్పేమిటని అనిపించాలి గానీ, ఆ ఇంటికి చూసేవాళ్లెవరూ వచ్చేవాళ్లు కాదు. కింద టైర్ల షాపు, పైన రెండు గదులు, మధ్యలో ఇనుప మెట్లు. అంతే ఇల్లు.

ఆవిడ ముప్పయ్యొక్క ఏళ్లు కారు నడపడం నేర్పింది. నేర్పే కారు మామూలు కారులా ఉండదు. నేర్చుకునేవాళ్ల కాళ్ల దగ్గర మూడు పెడళ్లుంటాయి, అది అందరికీ తెలిసిందే. పక్క సీట్లో కూర్చుని నేర్పే మనిషి కాలి దగ్గర ఇంకో బ్రేకు ఉంటుంది. అక్కడ స్టీరింగు ఉండదు, యాక్సిలరేటరు ఉండదు, బ్రేకొక్కటే. అంటే నేర్పే మనిషి బండిని ఎటూ తీసుకెళ్లలేదు. ఆపగలదు, అంతే. ఆ ఒక్కదాంతోనే ఆవిడ ఊళ్లో సగంమందికి డ్రైవింగు నేర్పింది.

ఉద్యోగం మానేశాక కూడా ఆ కాలు పని మానలేదు. తన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఎక్కడ బండి నడుపుతున్నా ఆవిడ అరికాలికి తెలిసేది. పళ్ల డాక్టరు కారు మడమ దగ్గర సన్నగా జివ్వుమనేది. ఫొటోగ్రాఫరుది బొటనవేలి కింద దడదడ. ఎవరైనా మరీ దూకుడుగా పోతుంటే అరికాలు చురుక్కుమనేది, ఆవిడ నేలని కాస్త నొక్కేది. నాలుగు వీధుల అవతల ఆ బండి నెమ్మదించేది. "టీచరమ్మ కాలు పడింది" అనుకుని వాళ్లు గేరు తగ్గించుకునేవాళ్లు. ఒకసారి ఆవిడ బాత్రూములో జారిపడి కాలికి కట్టు కట్టించుకుంటే, మూడో రోజుకల్లా ట్రాఫిక్ కానిస్టేబులు బత్తాయిపళ్లు పట్టుకుని వచ్చాడు.

"కట్టు ఎప్పుడు విప్పుతామన్నారమ్మా?"

"ఆరు వారాలు."

అతను తలపట్టుకున్నాడు. "అన్నాళ్లు నావల్ల కాదమ్మా. అంతవరకు ఎడమకాలితో సర్దలేరా?"

"ఎడమది క్లచ్ కాలు నాయనా. దానికి మనుషులు తెలియరు."

ఆ తర్వాత తమంతట తాము నడిచే కార్లు వచ్చాయి. అందరికంటే ముందు కొన్నది పళ్ల డాక్టరు. ఒక సోమవారం మడమ దగ్గర ఏమీ తెలియకపోయేసరికి, ఏమయ్యాడోనని ఆవిడ ఫోన్ చేసింది.

"బ్రహ్మాండంగా ఉన్నాను టీచరమ్మా. కారే తీసుకెళ్తోంది. నేను వెనక్కి వాలి ఎక్స్‌రేలు చూసుకుంటున్నాను."

"మరి ముందుకి చూడవా?"

"అది చూస్తుందిగా."

ఆవిడ వాదించలేదు. నిజానికి ఆ కార్లను తప్పుపట్టడానికి లేదు. అవి తాగవు, కునుకు తీయవు, పక్కబండి మీద పంతానికి పోవు. గీత లోపలే నడుస్తాయి. ఊళ్లో గుద్దుకోవడాలు బాగా తగ్గాయి కూడా. చిక్కల్లా ఒకటే. మనిషి కాలు పెడలు మీద లేకపోతే టీచరమ్మ కాలికి ఏమీ తెలియదు. ఎనిమిదిన్నరకల్లా సంతలా ఉండే అరికాలు ఒక్కోచోటే చల్లబడుతూ వచ్చింది. బొటనవేలి కింద ఫొటోగ్రాఫరు ఆగిపోయాడు. చిటికెనవేలి పక్కనుండే నర్సులిద్దరూ ఒకే వారం ఆగిపోయారు. రెండేళ్లు తిరిగేసరికి చెప్పు విప్పినా ఒకటే, విప్పకపోయినా ఒకటే అయింది. నేల చల్లదనం తప్ప పాదానికి ఇంకేం తెలిసేది కాదు.

ఒక్కడు మాత్రం మిగిలాడు. అరికాలి నడిమి గుంటలో, మెత్తగా.

అతన్ని ఊళ్లో పదకొండు అనేవాళ్లు. లైసెన్సు పరీక్ష పదకొండోసారికి పాసయ్యాడు గనక. ఇప్పుడు యాభై దాటాయి. లాండ్రీ వ్యాను నడుపుతాడు. ఆసుపత్రుల్లోంచీ హోటళ్లలోంచీ మాసిన దుప్పట్లు తేవడం, ఉతికి ఇస్త్రీ చేసినవి ఇచ్చి రావడం అతని పని. రోజూ పదింటికి టీచరమ్మ వీధిలోంచే వెళ్లేవాడు. వ్యాను దగ్గరయ్యేకొద్దీ ఆ గుంట వెచ్చబడేది, టైర్ల షాపు దాటాక మళ్లీ చల్లబడేది. అంతా కలిపి ఒక నిమిషం. ఆ నిమిషం కోసం ఆవిడ రెండు గంటల ముందు నుంచీ కూర్చునేది.

ఒకరోజు ముసురు పట్టింది. రెండు రోజులుగా ఆవిడ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. వ్యాను టైర్ల షాపు ముందుకి రాగానే, అతను ఏ తప్పూ చేయకుండానే, ఆవిడ నేలని నొక్కింది.

వ్యాను ఆగింది. ఇనుప మెట్లు దడదడలాడాయి. పదకొండు గుమ్మంలో నిలబడి ఆయాసపడుతున్నాడు.

"ఏమైంది టీచరమ్మా? ఏం తప్పు చేశాను?"

ఊరికే పిలిచాను అంటే సరిపోయేది. కానీ అది ముప్పయ్యొక్క ఏళ్లు తప్పులు చెప్పి అలవాటైన నోరు.

"ఇండికేటరు వేయలేదు నువ్వు."

"వేశాననుకున్నానే."

"నువ్వనుకుంటే అది వెలుగుతుందా? సరే, కూర్చో. కాఫీ తాగి వెళ్లు."

అతను కాఫీ తాగాడు. హోటల్లో ఎవరిదో కట్టుడు పళ్లసెట్టు దిండు గలీబులో దొరికిన సంగతి చెప్పాడు. వాళ్లావిడ మోకాళ్ల నొప్పుల గురించి చెప్పాడు. అతను వెళ్లాక కూడా మధ్యాహ్నం దాకా గదిలో వేడి వేడి ఇస్త్రీ వాసన ఉండిపోయింది.

మర్నాడు అద్దం చూసుకోలేదంది. ఆ మర్నాడు గడియారస్తంభం దగ్గర మరీ వెడల్పుగా తిరిగావంది. ఇంకోరోజు గేరు ఆలస్యంగా మార్చావంది. రోజుకో తప్పు, రోజుకో గ్లాసు కాఫీ. అతను ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. చెప్పిన తప్పుని చిన్న చీటీ మీద రాసుకుని కిందికి దిగేవాడు. తప్పు చేసినప్పుడల్లా చీటీ రాసి స్టీరింగు ముందు అంటించుకోమని పూర్వం అందరికీ నేర్పింది ఆవిడే.

ఇలా మూడు నెలలు గడిచాయి. అతని బండి ఇదివరకటిలా మెత్తగా రావడం లేదని ఆవిడ అరికాలికి తెలుస్తూనే ఉంది. తటపటాయిస్తోంది. ఖాళీ రోడ్డు మీద కూడా ఉండుండి ఆగుతోంది. తెలిసీ ఆవిడ పదింటికి నొక్కుతూనే వచ్చింది.

ఒక శుక్రవారం అతను గ్లాసు చేత్తో పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు.

"సోమవారం నుంచి కొత్త వ్యాను టీచరమ్మా. దానంతటదే నడిచేది."

"మీ ఓనరు బలవంతం చేశాడా?"

"ఆయన ఎప్పట్నుంచో తీసుకోమంటున్నాడు, నేనే వద్దంటూ వచ్చాను. మొన్న నేనే వెళ్లి అడిగాను."

"నువ్వే అడిగావా? ఎందుకు?"

"నా డ్రైవింగు పాడైపోయింది. మీరు చెప్తూనే ఉన్నారుగా. ఇన్నేళ్లు నడిపి ఇండికేటరు వేయడం మర్చిపోయేవాడు రోడ్డు మీద ఉండకూడదు. రేపు ఎవరికైనా తగిలితే? అది నడుపుతుంది, నేను కూర్చుంటాను. నాకూ మంచిది, జనానికీ మంచిది."

చెప్పేయాలని టీచరమ్మ నోరు తెరిచింది. తీరా వచ్చిన మాట వేరు.

"పంచదార సరిపోయిందా?"

"సరిపోయింది."

సోమవారం సరిగ్గా పదింటికి కొత్త వ్యాను చప్పుడు లేకుండా వెళ్లిపోయింది. ఆవిడ అరికాలికి నేల తగిలింది, అంతే. మంగళవారమూ అంతే. బుధవారం పాలపాకెట్టు కోసం కిందికి దిగితే టైర్ల షాపతను పలకరించాడు.

"పదకొండు రావడం మానేశాడేమ్మా?"

"కొత్త వ్యాను వచ్చింది వాడికి."

"చూశాను. సీట్లో బాసింపట్టు వేసుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాడు."

గురువారం ఆవిడ రెండు కాళ్లకీ చెప్పులు తొడుక్కుని, బస్సెక్కి లాండ్రీకి వెళ్లింది.

పెరట్లో ఆవిరి, సబ్బు వాసన. మూటలు వ్యానులోకి విసురుతున్నారు. పదకొండు ముందు సీట్లో కాళ్లు మడుచుకుని కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. ఆవిణ్ని చూసి గబుక్కున కాళ్లు దించాడు.

"టీచరమ్మా, ఏం తప్పు..." అని ఆగి, నవ్వాడు. "ఇప్పుడు తప్పులేవైనా ఉంటే దానివేలెండి."

"నీతో ఒక రౌండు వస్తాను."

ఆవిడ పక్క సీట్లోకి ఎక్కింది. కుడికాలు చెప్పులోంచి జారి, అలవాటుగా వెతుక్కుంది. అక్కడ రబ్బరు పట్టా తప్ప ఏమీ లేదు. వ్యాను తనంతట తానే కదిలింది, స్టీరింగు తనంతట తానే తిరిగింది, పదకొండు మళ్లీ కాళ్లు మడుచుకున్నాడు. అప్పుడు చూసిందావిడ. స్టీరింగు ముందు వరసలు వరసలుగా చీటీలు. ఇండికేటరు. అద్దం. వెడల్పుగా తిరగకు. గేరు. ప్రతిదీ గుండ్రటి అక్షరాల్లో, ఇంపోజిషన్ రాసినంత శ్రద్ధగా.

"పాత వ్యానులోంచి తీసి అంటించాను," అన్నాడు. "దీనికేమైనా పనికొస్తాయేమోనని."

"అవన్నీ అబద్ధాలు."

"ఏవి?"

"చీటీలు. నువ్వు ఇండికేటరు వేశావు."

వ్యాను సిగ్నలు దగ్గర ఆగింది. మళ్లీ కదిలింది.

"అద్దం?"

"చూశావు."

"గడియారస్తంభం దగ్గర?"

"నాకంటే బాగా తిరిగావు."

"మరి గేరు, టీచరమ్మా. గేరు నిజంగానే..."

"గేరు కూడా బాగానే మార్చావు. నువ్వే తప్పూ చేయలేదు. మెట్లెక్కి వస్తావని నొక్కాను."

అతను చీటీల వరసలన్నీ మళ్లీ ఒకసారి చూశాడు.

"పిలిస్తే వచ్చేవాణ్ని కదా."

"పిలవడం చేతకాదు నాకు. ఆపడమే వచ్చు."

"మా ఆవిడ కళ్లు చూపించుకోమంది. చూపించుకున్నాను. కళ్లు శుభ్రంగా ఉన్నాయన్నాడు డాక్టరు. అయితే బుర్రే పోయిందనుకున్నాను." గొంతు పెంచకుండానే అన్నాడు. "మూడు నెలలు, టీచరమ్మా." అని మొహం పక్క కిటికీ వైపు తిప్పేసుకున్నాడు.

వ్యాను ఆసుపత్రి వెనకసందులోకి తిరిగింది. రెండు పక్కలా తెల్ల సున్నం గోడలు. ఎండ ఎదురుగా కొడుతోంది. సందు చివర తెల్ల దుప్పట్లు గుట్టగా పేర్చిన తోపుడు బండి ఒకటి అడ్డంగా వస్తోంది. దాన్ని తోస్తున్న ఆయా గుట్ట వెనక ఎవరికీ కనిపించడం లేదు. వ్యానుకి అది కూడా గోడలో ఒక ముక్కే అయింది కాబోలు, వేగం తగ్గలేదు.

టీచరమ్మ ముందుకే చూస్తోంది. ఆవిడ కాలు పడింది. రబ్బరు పట్టా. మళ్లీ నొక్కింది. వ్యాను వినలేదు, ఆవిడ దానికి ఏమీ నేర్పలేదు గనక. మూడోసారి ఆవిడ బండిని తలుచుకోలేదు, పక్కనున్న మనిషిని తలుచుకుని నొక్కింది.

పదకొండు ఇంకా కిటికీ బయటికే చూస్తున్నాడు. మడత పెట్టి తిమ్మిరెక్కిన అతని కుడికాలు తనంతట తానే విచ్చుకుని, కిందికి దిగి, బ్రేకు మీద పడింది.

వ్యాను ఆగింది. తోపుడు బండికీ వ్యానుకీ మధ్య జానెడు ఖాళీ. గుట్ట వెనక నుంచి ఆయా తల బయటికి పెట్టింది.

"వచ్చావా. నిన్నటివి తడిగా ఉన్నాయి, వేరే మూటలో వేసుకో," అంది.

పదకొండు తన కాలు వైపు చూసుకున్నాడు. టీచరమ్మా అటే చూసింది. ఇన్నేళ్లూ తన కాలు బండ్లని ఆపుతోందనుకుంది. ఆగుతూ వచ్చింది మనుషులు.

మూటలు ఎక్కించాక అతను స్టీరింగు పక్కనున్న బటన్ నొక్కి బండిని తన చేతిలోకి తీసుకున్నాడు. ఆవిడ అరికాలి గుంట చాలా రోజుల తర్వాత వెచ్చబడింది. దారిలో ఆగిన ప్రతిచోటా అతను కొన్ని చీటీలు పీకి ఆవిడ ఒళ్లో పెడుతూ వచ్చాడు. వీధిలోకి వచ్చేసరికి గుప్పెడయ్యాయి.

మెట్ల ముందు ఆపి అన్నాడు.

"రేపట్నుంచి నేనే నడుపుతాను."

"మంచిది."

"మీరు తొక్కకండి టీచరమ్మా. ఆగాలనిపిస్తే నేనే ఆగుతాను."

"అనిపించకపోతే?"

"వెళ్లిపోతాను."

ఆవిడ తలూపి దిగింది.

మర్నాడు తొమ్మిదిన్నరకే అరికాలికి కబురందింది. లాండ్రీ గేటు, పెద్దరోడ్డు, గడియారస్తంభం దగ్గర చక్కటి మలుపు. మెత్తగా, తడబాటు లేకుండా వస్తున్నాడు. వీధి మొదట్లోకి రాగానే ఆవిడ కాలివేళ్లు వాటంతటవే ముడుచుకున్నాయి. ఆవిడ రెండు కాళ్లూ నేలమీద నుంచి ఎత్తి, కుర్చీ మీద పెట్టుకుని, మోకాళ్లు చేతులతో చుట్టేసుకుంది. నేలకి ఆనని కాలికి ఏమీ తెలియదు. వ్యాను నెమ్మదించిందో, ముందుకే పోయిందో, షాపు దాటిందో తెలియదు. రోజంతా ఎదురుచూసే ఆ ఒక్క నిమిషాన్ని ఆవిడ అలా కాళ్లు పైకి పెట్టుకుని వదిలేసుకుంది.

కింద టైర్లకి గాలికొట్టే మిషను చప్పుడు చేస్తోంది. కాసేపటికి ఆగింది. టైర్ల షాపతని గొంతు మెట్ల మీదుగా పైకి వినిపించింది.

"ఏమయ్యా పదకొండూ, సరిగ్గా నా షట్టరుకి అడ్డంగానే దొరికిందా నీకు చోటు? కాస్త ముందుకి జరిపి పెట్టుకో."